వేరు కాపురం, అద్దె గది, అందని పింఛను

కుటుంబం అంటే ఏమిటన్నది సమాజశాస్త్రంలో మొదటి పాఠాల్లో ఒకటి. ఒకచోట నివసిస్తూ ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళంతా ఒక కుటుంబమని జనాభా లెక్కలవాళ్ళు చెబుతారు. వినడానికి సాదాగానే వుంటుంది. కానీ రేషను కార్డు, పింఛను, ఇంటి స్థలం, పిల్లల చదువు డబ్బు అన్నీ ఇలాంటి నిర్వచనం మీదే నడుస్తున్నాయి. భర్త నుంచి విడిపోయి పిల్లలతో బతుకుతున్న స్త్రీకి తనదంటూ ఒక కప్పు లేదు, తనదంటూ ఒక పొయ్యి లేదు. ఆ రెండూ కావాలంటే గది అద్దెకు తీసుకోవాలి. ఆ అద్దె సంగతి మాత్రం ఏ పథకమూ ఎత్తదు. ఈసారి సంపాదకీయం ఆ అద్దె గురించే.

అద్దె అనగానే మనకి పట్నం గుర్తొస్తుంది. ఏజెన్సీలో అద్దె ఏమిటి, అక్కడ ఎవరి గుడిసె వాళ్ళకి వుంటుంది కదా అనుకుంటాం. స్త్రీల జీవనాధారాల అధ్యయనం కోసం డొంకరాయి వెళ్ళినప్పుడు నేను మాట్లాడిన స్త్రీలు, ముఖ్యంగా పిల్లలతో విడిగా వుంటున్నవాళ్ళు, తిండి గురించి చెప్పినదానికంటే గది గురించి ఎక్కువ చెప్పారు. "అడవిలో ఏదో ఒకటి దొరుకుద్దమ్మా. గది దొరకదు" అంది వాళ్ళలో ఒకామె.

డొంకరాయి మామూలు కొండ వూరు కాదు. సీలేరు నది మీద ఎగువన ఒక విద్యుత్ కేంద్రం, డొంకరాయి దగ్గర జలాశయమూ దాని కింద ఒక చిన్న కేంద్రమూ, అక్కడి నుంచి కాలువ ద్వారా వెళ్ళే నీటితో పొల్లూరు దగ్గర పెద్ద కేంద్రం. 1960ల నుంచి 1990ల దాకా అంచెలంచెలుగా కట్టిన ఈ మూడింటి సామర్థ్యం 240, 25, 460, మొత్తం 725 మెగావాట్లు. కట్టడానికీ నడపడానికీ మైదానాల నుంచి ఉద్యోగులు వచ్చారు. వాళ్ళకోసం కాలనీ, క్వార్టర్లు వచ్చాయి. కాలనీని ఆనుకుని దుకాణాలు, హోటళ్ళు, షెడ్లు, రేకుల గదులు వచ్చాయి. కొండరెడ్లు, కోయలు, కోందులు వుండే కొండల నడుమ ఇలా జీతాల మీద బతికే ఒక చిన్న పట్నం పుట్టింది.

ఈ చిన్న పట్నంలో ఇల్లు ఎవరి ద్వారా వస్తుందో చూడండి. క్వార్టరు ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. ఆ ఉద్యోగాలు దాదాపు అన్నీ మగవాళ్ళవి. గూడెంలో ఇల్లు అత్తింటివారి కులపెద్ద ఇచ్చిన చోట వుంటుంది, అంటే అదీ భర్త ద్వారానే. పుట్టింట్లో చోటు తండ్రి వున్నన్నాళ్ళు తండ్రిది, తర్వాత అన్నదమ్ములది. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1985లో చేసిన సవరణ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఆచారం కాదంటుందని రుజువు చెయ్యకుండా ఆదివాసీ స్త్రీకి వారసత్వం నిరాకరించకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 2025 జూలైలో. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో వచ్చిన ఆ తీర్పు గూడెం దాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో మనకి తెలుసు.

ఇంతకీ ఇల్లు ఎప్పుడూ ఒక మగవాడిని ఆనుకునే వుంది. ఆ మగవాడు పోయినా, వదిలేసినా, ఈమే అతన్ని వదిలి వచ్చినా ఇక మిగిలేది అద్దె గది.

అద్దె ఎవరు నిర్ణయిస్తారు? బదిలీ మీద వచ్చిన ఉపాధ్యాయులు, కాంట్రాక్టు పనివాళ్ళు, డ్రైవర్లు, వ్యాపారులు ఎంత ఇవ్వగలరో అదే ఇక్కడి ధర. జీతాల లెక్కలో పెరిగిన అద్దెను కూలి లెక్కలో బతికే తల్లి కట్టాలి. నాతో మాట్లాడిన ఒక తల్లి ముప్ఫై నాలుగేళ్ళది. పిల్లలు ఇద్దరు, పెద్దది బడికి పోతుంది, చిన్నవాడికి మూడేళ్ళు. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆ పనికి గౌరవ వేతనం 1,000 నుంచి 3,000 రూపాయలకు పెరిగింది 2019లో. ఆమె రేకుల గది అద్దె 1,500. అంటే సగం జీతం గదికే. అడ్వాన్సు వేరే. కరెంటు వేరే. గదికి మరుగుదొడ్డి లేదు.

బడికి పోయే బిడ్డ పేరున తల్లికి వచ్చే డబ్బు వుంది కదా అని అడుగుతారు. వుంది. 2020లో మొదలైనప్పుడు సంవత్సరానికి 15,000. తర్వాత బడి నిర్వహణకని కొంత కోసి 14,000, ఆ తర్వాత 13,000 అయింది. 2025లో పథకం పేరు మారి, బడికి పోయే ప్రతి బిడ్డకూ అన్నారు గానీ చేతికి వచ్చేది మళ్ళీ 13,000. ఆమె గది అద్దె సంవత్సరానికి 18,000. బిడ్డ చదువుకని వచ్చిన మొత్తం అద్దెకే పోసినా తొమ్మిదో నెల నిండేలోగా అయిపోతుంది. ఇక పుస్తకాల సంచీ, చెప్పులు, జ్వరం వస్తే మందులు దేంతో కొనాలి?

ఇప్పుడు పింఛను సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఒంటరి మహిళలకు పింఛను 2018లో మొదలైంది. అప్పుడు నెలకు 1,000. పెరుగుతూ వచ్చి 2024 జూలై నుంచి 4,000 అయింది. డబ్బు పెరిగింది, సంతోషం. కానీ అదే కాలంలో తలుపు ఇరుకైంది. మొదట భర్త నుంచి విడిపోయిన స్త్రీకి 35 ఏళ్ళు నిండితే చాలన్నారు. 2022లో దాన్ని 50కి పెంచారు. తెలంగాణలో 2017లో ఇదే పింఛను మొదలుపెట్టినప్పుడు భర్త వదిలేసిన స్త్రీకి 18 ఏళ్ళు నిండితే చాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనే వితంతువుకు 18 ఏళ్ళు చాలు. భర్త చనిపోతే 18, భర్త వదిలేస్తే 50. ఈ రెండు అంకెల మధ్య వున్న ముప్ఫై రెండేళ్ళే ఒక స్త్రీ పిల్లల్ని కని పెంచే వయసు. నాతో మాట్లాడిన తల్లి పాత నిబంధన ప్రకారమైతే ఒక్క ఏడాది ఆగాలి, కొత్త దాని ప్రకారం పదహారేళ్ళు. అప్పటికి మూడేళ్ళ కొడుకుకి పంతొమ్మిది వస్తాయి. పిల్లలు పెద్దయ్యాక వచ్చే పింఛను పిల్లల తల్లికి ఇచ్చే పింఛను ఎలా అవుతుంది?

పింఛను పొందుతున్న భర్త చనిపోతే భార్యకు వెంటనే ఇచ్చే ఏర్పాటు 2024 నవంబరు నుంచి వచ్చింది. మంచిదే. అయితే అందులోని తర్కాన్ని గమనించండి. భర్త ద్వారా సంక్రమించే హక్కుకు దారి సుగమం. భర్త నుంచి బయటపడిన స్త్రీకి వచ్చే హక్కుకు అడుగడుగునా అనుమానం. డబ్బు కోసం కాపురాలు కూల్చుకుంటారని, విడిపోయినట్టు నటిస్తారని భయం. మొగుణ్ణి వదిలేసిన ఆడదాని మీద పల్లెలో వున్న అనుమానమే నిబంధనల భాషలోకి మారింది.

ఆ అనుమానం అంతటితో ఆగలేదు. ఒక రేషను కార్డుకు ఒకే పింఛను అన్నారు, కొన్ని మినహాయింపులతో. 2019 తర్వాత వచ్చిన ఆరు అంచెల పరిశీలనలో కుటుంబ ఆదాయం గ్రామాల్లో నెలకు 10,000 దాటకూడదు, కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి వుండకూడదు. ఇక్కడే అసలు చిక్కు. విడిపోయిన స్త్రీ పుట్టింటికి పోయి తల్లిదండ్రుల కార్డులో చేరితే, అక్కడ తండ్రికి ముసలి పింఛను వుంటుంది. కాబట్టి ఈమెకు రాదు. తమ్ముడికి చిన్న ప్రభుత్వోద్యోగం వుంటే అసలు ఆ కార్డుకే రాదు. ఆ తమ్ముడు ఈమె పిల్లలకు పలకా బలపం కొనిస్తాడా లేదా అన్నది ఎవరూ అడగరు. పింఛను కావాలంటే వేరు కాపురం పెట్టాలి. వేరు కాపురానికి గది కావాలి. గదికి అద్దె కావాలి. అద్దెకు పింఛను కావాలి. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతూ వుండాలి.

వేరుపడ్డాక కూడా వేరుపడ్డామని రుజువు చూపాలి. ఈ రుజువు దగ్గర ఆదివాసీ స్త్రీకి జరుగుతున్న అన్యాయాన్ని మన సంఘాలు సరిగ్గా పట్టించుకోలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం, సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదు. వాళ్ళ పెళ్ళిళ్ళూ విడిపోవడాలూ ఆచారం ప్రకారం జరుగుతాయి. కులపెద్దలు కూర్చుంటారు, ఓలి లెక్క తేలుస్తారు, నలుగురి ముందు ఎవరి దారి వాళ్ళు చూసుకోమంటారు. అది వాళ్ళ చట్టం, దాన్ని రాజ్యాంగమే గౌరవించింది. మరి కార్యాలయంలో అడిగేదేమిటి? విడాకుల కాగితం. "మా పెద్దలు మాటతో విడదీసినారు. కాయితం యాడ నుంచి తెచ్చేది?" అని ఒక కోయ స్త్రీ అడిగింది. ఆమె ప్రశ్నకి నిబంధనల్లో జవాబు లేదు. ఒక చేత్తో ఆచారాన్ని గుర్తించి, ఇంకో చేత్తో కోర్టు కాగితం అడగడం ఏ రకమైన గౌరవం?

అద్దె గదికీ కాగితం వుండదు. ఏజెన్సీలో భూమి, ఆదివాసేతరుల చేతికి పోకుండా 1959 నాటి భూబదలాయింపు నియంత్రణ, దానికి 1970లో వచ్చిన సవరణ కాపాడుతున్నాయి. మనం ఎన్నో ఏళ్ళుగా నిలబెట్టుకుంటున్న చట్టం అది, నిలబెట్టుకోవాల్సిందే. కానీ దాన్ని దాటుకుని కట్టిన గదుల యజమాని రసీదు ఇవ్వడు, ఒప్పందం రాయడు. రాస్తే తనకే ఇబ్బంది. రసీదు లేని అద్దెకున్న స్త్రీ ఆ చిరునామాలో వున్నట్టు ఎక్కడా నమోదు కాదు. సచివాలయం లెక్కల్లో ఆమె ఇంకా అత్తింట్లోనే వుంటుంది. యజమాని రేపు ఖాళీ చెయ్యమంటే రేపే చెయ్యాలి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పట్టణాల కోసం చేసింది. కొండ మీద రేకుల గది దానికి కనబడలేదు.

ఇలాంటి పరిస్థితిలో ఈ తల్లులు ఎలా నెట్టుకొస్తున్నారు? వాళ్ళు చెప్పినవే రాస్తున్నాను. ఇద్దరు విడిపోయిన స్త్రీలు కలిసి ఒకే గది తీసుకుని అద్దె సగం సగం వేసుకుంటారు. ఒకరు పనికి పోతే ఇంకొకరు పిల్లల్ని చూస్తారు. ఇది మంచి ఏర్పాటు. కానీ కార్డు లెక్కలో ఒకే పొయ్యి అంటే ఒకే కుటుంబం అవుతుందేమోనని భయపడి రెండు పొయ్యిలు పెట్టుకున్నారు. కొందరు అద్దెకు బదులు యజమాని ఇంట్లో అంట్లు తోమి, వాకిలి వూడ్చి, నీళ్ళు మోస్తారు. ఈ చాకిరీకి గంటల లెక్క లేదు, యజమాని మాటకు ఎదురు చెప్పే వీలు లేదు. ఒంటరి స్త్రీకి ఈ లొంగుబాటు ఎక్కడికి దారితీస్తుందో మన కార్యకర్తలకి వివరించక్కర్లేదు. కొందరు పొదుపు సంఘంలో అప్పు తీసి అద్దె బాకీ కడతారు. గేదె కొనడానికనో అంగడి పెట్టడానికనో పుస్తకంలో రాస్తారు. గేదె పాలిస్తుంది, అద్దె ఏమిస్తుంది? అసలూ వడ్డీ మాత్రం కట్టాల్సిందే.

అన్నింటికంటే ఎక్కువమంది ఎన్నుకునే దారి హాస్టలు. అద్దె కట్టలేక పిల్లల్ని ఆశ్రమ పాఠశాలలో వేసి, తాము ఎవరి వసారాలోనో పడుకుంటారు. ఆశ్రమ పాఠశాలలు ఆదివాసీ పిల్లల చదువుకు చేసిన మేలు తక్కువేం కాదు. కానీ ఆరేళ్ళ పిల్ల హాస్టల్లో ఎందుకు వుందని విచారిస్తే, చదువు కోసం కాదు, అమ్మకి గది లేక అని తెలుస్తుంది. తల్లినీ బిడ్డనీ విడదీస్తున్నది ఇక్కడ పేదరికమే అని చెప్పడం సరిపోదు. నెలకు పదిహేను వందల రూపాయల అద్దె విడదీస్తున్నది అని స్పష్టంగా చెప్పాలి. అలా చెబితేనే అది తీర్చగలిగిన సమస్య అని తెలుస్తుంది.

ఇది ఒక్క డొంకరాయి గొడవ కాదు. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో కుటుంబాల్లో 4.5 శాతం ఒంటరి తల్లులు నడిపేవి. వాటిలో పేదరికం 38 శాతం. తల్లిదండ్రులిద్దరూ వున్న కుటుంబాల్లో అది 22.6 శాతం. సంపన్న దేశాల్లో ఏం జరుగుతోందో కూడా చూద్దాం. బ్రిటన్‌లో అద్దెకు విడిగా సహాయం ఇచ్చే ఏర్పాటు వుంది. అది స్త్రీలూ కార్మికులూ సాధించుకున్నది. 2013లో అక్కడి ప్రభుత్వం ఒక కుటుంబానికి వచ్చే మొత్తం సహాయానికి ఏడాదికి 26,000 పౌండ్ల పరిమితి పెట్టింది. 2016లో దాన్ని లండన్‌లో 23,000కు, మిగతాచోట్ల 20,000కు తగ్గించింది. పరిమితి దాటిన డబ్బు కోత పడేది ముందు అద్దె సహాయంలోనే. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది చిన్న పిల్లలున్న ఒంటరి తల్లులకు. వాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2015లోనూ 2019లోనూ ఓడిపోయారు. అక్కడ వున్న సహాయాన్ని కోశారు, ఇక్కడ అసలు అలాంటి సహాయమే లేదు. కానీ రెండుచోట్లా పిల్లల్ని పెంచే పనిని పనిగా చూడకపోవడం ఒకటే. 'ఇంకో మగవాడు చూసుకుంటాడులే' అన్న నమ్మకం కూడా ఒకటే.

మన చేతిలో ఏమీ లేదా? వుంది, వాడుకోవడమే తక్కువ. 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చిన గృహహింస చట్టాన్ని మనం కొట్టడం, తిట్టడం గురించిన చట్టంగానే చూస్తున్నాం. అందులో సెక్షన్ 19(1)(ఎఫ్) ప్రకారం, బాధితురాలు ఉమ్మడిగా వున్న ఇంటితో సమానమైన వేరే వసతి చూపించమని, లేదా దానికి అద్దె కట్టమని భర్తను మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఈ చట్టానికి తెగల మినహాయింపు లేదు. ఆచారం ప్రకారం పెళ్ళయిన స్త్రీకీ వర్తిస్తుంది. ఏజెన్సీ నుంచి ఎన్ని దరఖాస్తుల్లో ఈ అద్దె కోరాం? అత్తింటి ఇల్లు భర్త పేరున లేకపోయినా అక్కడ వుండే హక్కు వుంటుందని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు, 2006 నాటి తన సొంత తీర్పును పక్కనపెట్టి, చెప్పింది. ఇదీ వాడాలి. అయితే మేజిస్ట్రేటు ఎక్కడ? డొంకరాయి వాళ్ళు తమ మండల కేంద్రానికి చేరడానికే కొండలు చుట్టి రావాలి. ప్రొటెక్షను ఆఫీసరు జిల్లా కేంద్రంలో వుంటారు. ఆ జిల్లా కేంద్రమే 2022 ఏప్రిల్ నుంచి మారుతూ వస్తోంది. చట్టం కొండ ఎక్కి రావాలి తప్ప, చంటిపిల్లతో తల్లి కొండ దిగి పోవాలనడం న్యాయం కాదు.

2006లోనే వచ్చిన అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 4(4)లో, పెళ్ళయినవారికి భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా ఇవ్వాలనీ, ఇంటిపెద్ద ఒక్కరే అయితే ఆ ఒక్కరి పేరునే ఇవ్వాలనీ వుంది. అంటే ఒంటరి స్త్రీ కుటుంబ పెద్ద కాగలదని పార్లమెంటు ఒప్పుకుంది. విడిపోయిన స్త్రీ పోడు పట్టాలో తన పేరు వుందో లేదో చూసుకోవాలి. వుంటే ఆ భూమిలో ఆమెకు పంటా వుంది, గుడిసె వేసుకునే చోటూ వుంది. ఎన్ని పట్టాల మీద రెండో పేరు అలంకారంగా మిగిలిపోయిందో మన కార్యకర్తలు గూడెం గూడేనికీ తిరిగి చూడాల్సిన పని ఇది.

పేదరిక నిర్మూలన పథకాలకు లబ్ధిదారులను గుర్తించే బాధ్యత షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభది. 1996 నాటి పెసా చట్టం ఆ మాట చెప్పింది. మన రాష్ట్రంలో దానికి 1998లో చట్టం, 2011లో నియమాలు వచ్చాయి. ఒక స్త్రీ భర్త నుంచి విడిగా వుంటోందా లేదా అన్నది ఆమె గూడేనికి తెలిసినంతగా ఏ కంప్యూటరుకూ తెలియదు. గ్రామసభ తీర్మానాన్ని విడిపోయినదానికి రుజువుగా ఎందుకు తీసుకోకూడదు? ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గ్రామసభలో మాట్లాడేది మగపెద్దలే అయితే, మొగుణ్ణి వదిలి వచ్చిన స్త్రీకి వాళ్ళు కాగితం ఇస్తారా? ఇవ్వకపోవచ్చు. కాబట్టి ఆమె స్వయంగా ఇచ్చిన ప్రమాణపత్రం, దానితో పాటు మహిళా సంఘమో అంగన్‌వాడీ కార్యకర్తో ఇచ్చిన ధ్రువీకరణ కూడా చాలాలి. ఆచారాన్ని గౌరవించడమంటే ఆచారంలోని మగవాళ్ళ అధికారాన్ని గౌరవించడం కాదు.

ఇళ్ళ పథకాలున్నాయి కదా అనేవారికీ ఒక మాట. 2020 డిసెంబరులో రాష్ట్రంలో పెద్ద ఎత్తున ఇచ్చిన ఇంటి పట్టాలు స్త్రీల పేరునే ఇచ్చారు. కొండరెడ్ల వంటి తెగలకు 2023 నవంబరులో మొదలైన కేంద్ర పథకంలో ఇంటికి 2 లక్షల రూపాయలన్నారు. స్త్రీ పేరున పట్టా రావడం చిన్న విజయం కాదు. కానీ ఇంటి జాబితా తయారయ్యేది కూడా కార్డును బట్టే. అత్తింటి కార్డులో పేరున్న స్త్రీకి ఇల్లు 'ఇచ్చేసినట్టే' లెక్క, ఆ ఇంట్లోంచే ఆమెను వెళ్ళగొట్టినా సరే. పైగా ఇల్లు మంజూరై కట్టడం పూర్తయ్యేదాకా ఎన్నేళ్ళయినా ఆమె, పిల్లలు ఎక్కడ వుండాలి? ఆ ఏళ్ళకే అద్దె సహాయం కావాలి.

అందుకే మన డిమాండ్లను ఇలా పెడదాం. విడిపోయిన స్త్రీ పింఛనుకు పెట్టిన 50 ఏళ్ళ నిబంధన తీసెయ్యాలి. మైనరు పిల్లలున్న తల్లికి అసలు వయసు పరిమితే వుండకూడదు. పుట్టింట్లో తలదాచుకున్నా ఆమెనూ పిల్లలనూ వేరే కుటుంబంగా లెక్కించాలి. ఆదివాసీ స్త్రీని కోర్టు విడాకుల కాగితం అడగకూడదు. పిల్లలున్న ఒంటరి తల్లికి పింఛనుతో పాటు అద్దె సహాయం ఇవ్వాలి, ఇల్లు చేతికి వచ్చేదాకా. ఖాళీగా పడివున్న ప్రభుత్వ క్వార్టర్లు ఎక్కడున్నా వాటిలో కొన్నిటిని ఈ తల్లులకు నామమాత్రపు అద్దెకు ఇవ్వాలి. గృహహింస చట్టం కింద దరఖాస్తులు తీసుకునే క్యాంపు ఏజెన్సీ మండలాల్లో నెలకొకసారి జరగాలి.

ఇవేమీ గొంతెమ్మ కోరికలు కావు. సీలేరు నది నీళ్ళు ఆపి 725 మెగావాట్ల వెలుగు తయారుచెయ్యగలిగిన రాజ్యం, డొంకరాయి జలాశయం పక్కనే ఒక తల్లికీ ఇద్దరు పిల్లలకీ తలుపు వేసుకోవడానికి ఒక గది చూపించలేదంటే నమ్మడం కష్టం. భద్రంగా తలుపు వేసుకోగలిగితేనే ఆమె తిరిగి ఆ మొగుడి దగ్గరికే పోకుండా నిలబడగలదు. హింస నుంచి బయటికి రమ్మని మనం సభల్లో చెబుతున్నాం. బయటికి వచ్చిన స్త్రీ ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందో చెప్పలేకపోతే ఆ మాటకు విలువేముంటుంది?

మీ మీ ప్రాంతాల్లో ఒంటరి తల్లులు కడుతున్న అద్దె ఎంత, వాళ్ళ రాబడిలో అది ఎంత భాగం, పింఛనుకు ఏ కారణంతో కాదన్నారు అన్న మూడు వివరాలు పేర్లు లేకుండా రాసి పంపండి. పాడేరు నుంచి, అరకు నుంచి, రంపచోడవరం నుంచి, చింతూరు నుంచి వచ్చే ఆ లెక్కలన్నీ పక్కపక్కన పెట్టి ఒకే వినతిపత్రంగా తయారుచేద్దాం. అద్దె కాగితం లేని స్త్రీల తరఫున మన చేతిలో వుండాల్సిన కాగితం అదే.